కళ్ళెం నుండి క్లచ్చి దాకా - పాతబస్తీ సవారీ చదువు



"రౌతు కొద్దీ గుర్రం" అని మన పెద్దల సామెత. ఎక్కినవాని నేర్పును బట్టియే వాహనం నడుస్తుందని తాత్పర్యం. గుర్రపు సవారీలు గతించి తరాలు గడిచాయి గాని ఈ సామెతకు మాత్రం కాలదోషం పట్టలేదు. హైదరాబాదు పాతబస్తీలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పండితునిగా పనిచేసినవాణ్ణి. ఆ వీధులలో ఎందరో పిల్లలూ పెద్దలూ బండి నేర్చుకుంటూ పడడం, లేవడం చూశాను. నేనూ అక్కడే పడ్డాను, అక్కడే లేచాను. కోటలకూ కమానులకూ చరిత్ర వ్రాస్తాము. చివరకు బిర్యానీకి కూడా వ్రాస్తున్నాము. ఒక ఊరు సవారీ ఎట్లా నేర్చుకున్నది, మలుపు ఎట్లా తిరిగింది అన్నదానిని మాత్రం అంతగా పట్టించుకోము. ఆ ముచ్చటను నాకు తెలిసినంత మేరకు ఇక్కడ చెప్పుకుంటాను.

గుర్రాల నాటి చదువు

సవారీ అన్నది ఒక శాస్త్రమని మన పూర్వులు ఏనాడో గుర్తించారు. అమరకోశం గుర్రపు గతులను ఐదు విధాలుగా విభజించి వాటికి "ధారలు" అని పేరు పెట్టింది. ధౌరితకం, వల్గితం, ప్లుతం మొదలైన పేర్లు విద్యార్థి దశలో మేము వల్లె వేసినవే. ఈనాటి మోటారు సైకిలు గేర్లను చూచినప్పుడల్లా నాకా ఐదు ధారలే మనసుకు వస్తాయి. ఏ గతి నుండి ఏ గతికి ఎప్పుడు మారాలో తెలియడమే అప్పుడైనా ఇప్పుడైనా సవారీలో సగం విద్య. కాకతీయుల కాలంలో అశ్వగజబలాల అధిపతులను "సాహిణి" అనేవారు. గణపతిదేవుని గజసాహిణియైన జాయప సేనానియే నృత్తరత్నావళిని రచించాడు. ఏనుగులను నడిపినవాడు నాట్యశాస్త్రం వ్రాశాడంటే ఆశ్చర్యమనిపిస్తుంది గాని, ఆలోచిస్తే రెండింటిలోనూ ఉన్నది అంగవిన్యాసమే కదా!

హైదరాబాదు విషయానికి వస్తే ఇది పుట్టుకతోనే సవారుల నగరం. నిజాముల కొలువులో సైన్యాలను పోషించిన పైగా ప్రభువుల వంశనామమే గుర్రపుశాలకు, అశ్వదళానికి సంబంధించిన పారసీక పదం. మన పల్లెలలోనూ "పాగా" అంటే గుర్రాలు కట్టే చోటే. ఆనాడు గుర్రాన్ని మచ్చిక చేసి, సవారీకి అలవరచే పనివాణ్ణి "చాబుక్ సవార్" అనేవారు. అతడు ఉస్తాదు, నేర్చుకునేవాడు షాగిర్దు. గుర్రాలు పోయిన తరువాత ఈ రెండు మాటలు ఎక్కడికి పోయాయంటారా? నేరుగా మోటారు మెకానిక్కుల దుకాణాలలోకి వచ్చి కూర్చున్నాయి. నేటికీ షాలిబండలో, యాకుత్‌పురాలో నూనె మరకల చొక్కాతో స్పానరు అందించే కుర్రవాడు షాగిర్దే, దానిని అందుకునే పెద్దాయన ఉస్తాదే.

మలుపుల నగరం

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారును నిర్మించి, దాని నుండి నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గాలు వేయించాడు. ప్రణాళిక రచించినవాడు మీర్ మోమిన్ అస్త్రాబాదీ. చార్మినారుకు ఉత్తరాన నాలుగు కమానులు, వాటి నడిమధ్య గుల్జార్ హౌజ్. ఈ నీటితొట్టెకు పూర్వనామం "చార్ సూ కా హౌజ్", అనగా నాలుగు దిక్కుల హౌజ్. ఏనుగులు, పల్లకీలు, ఆ తరువాత టాంగాలు, రిక్షాలు, బస్సులు, మోటారు సైకిళ్ళు దీనిని చుట్టి తిరిగినవే. ఆధునిక ఇంజనీర్లు "రౌండ్ అబౌట్" అని పిలిచేది మనకు నాలుగు శతాబ్దాల క్రితమే ఏర్పడి ఉన్నది. పాతబస్తీలో బండి నేర్చుకున్నవానికి గుల్జార్ హౌజ్‌ను తడబడకుండా చుట్టి రావడమే ఒకప్పుడు పట్టాభిషేకం.

రాజమార్గాలు తిన్ననివే. వాటి వెనుక గల్లీలు మాత్రం తిన్ననివి కావు. మొగల్‌పురా, హుస్సేనీ ఆలం, దబీర్‌పురా లోపలికి పోతే పదిహేను అడుగులకొక మూల, ప్రతి మూల వెనుక ఒక గోడ, గోడ వెనుక నుండి ఎవరు వస్తారో తెలియదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, 1912లో నగరాభివృద్ధికై సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి కొన్ని ఇరుకు వాడలను తొలగించి వీధులు వెడల్పు చేసింది. పత్థర్‌గట్టి రాతి వరండాల బజారు ఆ కాలపు ఫలమే. 1932లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలయింది. పెద్ద వీధులకు మోటారు యుగం వచ్చింది. గల్లీ మాత్రం గల్లీగానే ఉండిపోయింది. అందువలన పాతబస్తీలో బండి నడపడమంటే ముందుకు పోవడం కాదు, మలుపు తిరగడం. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాత చెప్పబోయే కథకు ఇదే మూలం.

మొదటి షాగిర్దు

రెండు చక్రాల మీద మనిషి నిలువగలడని తొలుత నిరూపించినవాడు జర్మనీకి చెందిన కార్ల్ డ్రైస్. 1817 జూన్ 12న మాన్‌హైమ్ నగరంలో, పెడలు లేని ఒక కొయ్యబండిని కాళ్ళతో నేలను తన్నుకుంటూ నడిపాడు. ముందు చక్రం ఇటూ అటూ తిరగగలగడమే దానిలోని రహస్యం. మలుపు తిరగలేని రెండు చక్రాలు నిలువనూ లేవు!

1885లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ కలసి కొయ్య చట్రానికి పెట్రోలు ఇంజను బిగించారు. ప్రపంచపు తొలి మోటారు సైకిలు అదేనని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. పడిపోకుండా పక్కల రెండు చిన్న చక్రాలు కూడా ఉండేవి. ఆ నవంబరులో దానిని కాన్‌స్టాట్ నుండి ఊంటర్‌టూర్క్‌హైమ్ దాకా నడిపినవాడు డైమ్లర్ కుమారుడు పాల్. అతనికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు! దారిలో ఇంజను వేడికి కూర్చున్న పీటకే నిప్పంటుకున్నదని చెబుతారు. నేటి మన చట్టం ప్రకారం ఆ పిల్లవానికి లైసెన్సు రాదు, తండ్రికి శిక్ష పడుతుంది. ప్రపంచంలో మొట్టమొదటి మోటారు సైకిలు షాగిర్దు కూడా మన గల్లీ కుర్రవాడి వంటివాడే అన్నమాట.

ఒక్కో బండి, ఒక్కో పాఠం

మా తరంవారి తొలి గురువు అద్దె సైకిలు. గంటకింత అని చెల్లించి, సీటు అందక, కడ్డీ కింది నుండి కాలు దూర్చి తొక్కేవాళ్ళం. దానిని "కైంచీ" అనేవారు, కత్తెర అన్నమాట. కైంచీ తరువాత కడ్డీ, కడ్డీ తరువాత సీటు. సైకిలు నేర్పిన తూకం జీవితాంతం పోదు.

తరువాత యంత్రాలు వచ్చాయి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్‌ను మనకు అలవాటు చేసింది. ఆ పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. 1961 నుండి మైసూరులో జావాలు తయారయ్యాయి. అవే 1970లలో యెజ్డీలయ్యాయి. వాటిలో కిక్కు కొట్టే కడ్డీయే మలిచితే గేరు కడ్డీ! ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ పోలెండు దేశపు నమూనాకు మన రూపం. 1972లో బజాజ్ వారు స్కూటరుకు చేతక్ అని పేరు పెట్టారు. అది రాణా ప్రతాపుని గుర్రం పేరు. మన హైదరాబాదు ఆల్విన్ వారి స్కూటరుకు పుష్పక్ అని పేరు. చూశారా, యంత్రం ఎక్కడ పుట్టినా మనవాళ్ళ మనసు గుర్రాన్నీ విమానాన్నీ విడిచిపెట్టలేదు. ఈ స్కూటర్లకు గేరు ఎడమచేతి పిడిలోనే ఉండేది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూచిన బండి ఇంటికి వచ్చినపుడు దానికి కుంకుమబొట్టు పెట్టడం, దండ వేయడం తెలుసు గాని, నడపడం తెలిసినవాడు వాడకొకడు ఉండేవాడు.

1984, 85 సంవత్సరాలలో జపాను వారి సాంకేతిక సహాయంతో కొత్త బండ్లు వచ్చాయి. హీరో హోండా సీడీ 100 గుమాస్తాల బండి, యమహా ఆర్‌ఎక్స్ 100 కుర్రకారు బండి. తేలిక శరీరం, రేజ్ ఇస్తే ఎగిరిపడే ఇంజను. దాని శబ్దాన్ని బట్టి గల్లీలో ఎవరి కొడుకు వస్తున్నాడో ఇంట్లోనే కూర్చుని చెప్పేవారు.

ఒక్కో బండికి గేర్ల వరుస ఒక్కో తీరు. కనుక ఒక బండి నేర్చినవాడు మరొక బండికి మళ్ళీ షాగిర్దే.

నా చదువు

1989లో నేను పాత రాజ్‌దూత్ ఒకటి కొన్నాను. అప్పటికి నాకు ముప్ఫయ్యేళ్ళు. ఛందస్సు చెప్పడం వచ్చు, క్లచ్చి పట్టడం రాదు. షాలిబండలో ఒక ఉస్తాదు నాకు నేర్పడానికి ఒప్పుకున్నాడు. ఆయన ఫజర్ నమాజు ముగించుకొని వచ్చేవాడు, నేను సంధ్యావందనం ముగించుకొని పోయేవాణ్ణి. మీర్ ఆలం చెరువు దిక్కున ఊరి చివర ఒక ఖాళీ స్థలం మా పాఠశాల. ఆ చెరువు కట్ట 21 అర్ధచంద్రాకారపు కమానులతో రెండు శతాబ్దాల క్రితం కట్టినది. దాని గొప్పతనం మరొక వ్యాసంలో చెప్పుకుందాం.

మొదటి రోజు ఆయన ఇంజను స్టార్టు చేయనీయలేదు. బండిని పట్టుకొని మైదానమంతా నడిపించాడు. "బరువు ఎంతో చేతికి తెలియాలె పంతులు సాబ్, తెల్వకుంటె అది మిమ్మల్ని నడుపుతది" అన్నాడు. రెండవ రోజు క్లచ్చి. పూర్తిగా పట్టి, మొదటి గేరు వేసి, మెల్లమెల్లగా వదులుతూ, బండి ఊపిరి పీల్చుకున్నట్లు కదిలే చోట ఆపమన్నాడు. మళ్ళీ పట్టు, మళ్ళీ వదులు. ఆ ఒక్క బిందువు కోసం ఒక ఉదయమంతా గడిచింది. గురులఘువులు గుర్తించడానికి పిల్లలకు నేనెంత సమయమిచ్చేవాణ్ణో ఆయన నాకంత సమయమిచ్చాడు.

మూడవ రోజు రెండు పాత టైర్లు నేలపై పెట్టి వాటి చుట్టూ తిరగమన్నాడు. నేను టైరునే చూస్తూ పోయి టైరు మీదికే ఎక్కించి పడ్డాను. ఆయన నవ్వలేదు. లేపి, దుమ్ము దులిపి అన్నాడు: "పంతులు సాబ్, టైర్ కూ నక్కో దేఖో, జానే కీ జగా దేఖో." టైరును చూడవద్దు, పోవలసిన చోటును చూడమని. చూపు ఎక్కడికి పోతే బండి అక్కడికే పోతుంది. తల తిప్పితే భుజాలు తిరుగుతాయి, భుజాలు తిరిగితే హ్యాండిలు దానంతటదే తిరుగుతుంది. ఆ వారమంతా నాచేత ఎనిమిది అంకె వేయించాడు. ఎనిమిదిలో కుడి మలుపూ ఉన్నది, ఎడమ మలుపూ ఉన్నది, ఒకదాని నుండి మరొకదానికి మారే గడియ కూడా ఉన్నది. పరీక్షకు ఆ అంకెనే ఎన్నుకోవడంలో అర్థమున్నది.

మలుపులోని మర్మం

ఆయన చేసి చూపినదానికి కారణాలు నేను తరువాత పుస్తకాలలో చదువుకున్నాను. నిదానంగా తిరిగేటపుడు బండి లోపలికి వంగుతుంటే మన శరీరం కొంచెం బయటి వైపునకు ఉండాలి. రేజు నిలకడగా, క్లచ్చి సగం పట్టులో, వెనుక బ్రేకు మీద కాలు తేలికగా ఉండాలి. హ్యాండిలు తిరిగి ఉండగా ముందు బ్రేకు జోలికి పోరాదు. వేగం తగ్గించడమంతా మలుపుకు ముందే ముగియాలి, మలుపులో కాదు.

వేగంగా పోయేటపుడు మరొక చిత్రమున్నది. ఎడమకు తిరగాలంటే హ్యాండిలును ఒక్క క్షణం కుడికి నెట్టాలి. అప్పుడు బండి ఎడమకు ఒరుగుతుంది, ఆ తరువాత తిరుగుతుంది. సైకిలు తొక్కే ప్రతివారూ ఈ పని చేస్తారు గాని చేస్తున్నట్లు వారికే తెలియదు. విమానం కనిపెట్టకముందు సైకిళ్ళ వ్యాపారం చేసిన విల్బర్ రైట్ ఈ సంగతిని గమనించి తోటి సైకిలు సవారులను అడిగితే, తాము అట్లా చేస్తున్నామని చెప్పగలిగినవారు అరుదు.

లెక్క కూడా చెబుతాను. మలుపులో బండి ఎంత వంగాలన్నది వేగపు వర్గాన్ని అనుసరించి ఉంటుంది. వేగం రెట్టింపయితే మలుపు అడిగే బలం నాలుగు రెట్లవుతుంది. 5 మీటర్ల వ్యాసార్థమున్న గల్లీ మలుపులో గంటకు 15 కిలోమీటర్ల వేగానికి బండి సుమారు 20 డిగ్రీలు వంగితే చాలు. అదే మలుపులో 30 కిలోమీటర్లతో పోతే సుమారు 55 డిగ్రీలు వంగాలి. మామూలు బండి అంత వంగకముందే ఫుట్‌రెస్టు నేలకు రాసుకుంటుంది. కింద ఇసుక ఉంటే ఇంకా ముందే చక్రం జారుతుంది. పదిహేనుకూ ముప్ఫైకీ మధ్య తేడా మణికట్టు కదలిక మాత్రమే. ఆ తేడాలోనే మనిషి ప్రాణం ఉన్నది.

నేను చెప్పకుండా ఉండవలసిన మాట

1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. గేరు ఉన్న బండి, గేరు లేని బండి వేరువేరు తరగతులయ్యాయి. నేర్చుకునేవారికి ముందుగా లెర్నర్ లైసెన్సు, తెల్లపలకపై ఎర్రని ఎల్ అక్షరం, కనీసం ముప్ఫై రోజుల అభ్యాసం, ఆ తరువాతనే పరీక్ష. కుడి ఎడమ మలుపులు సరిగా తిరగగలగడం పరీక్షాంశాలలో ఒకటని నియమావళిలో స్పష్టంగా ఉన్నది.

ఇంత తెలిసిన నేను పరీక్ష ఇవ్వలేదు. ఒక మధ్యవర్తి చేతిలో కొంత పైకం పెడితే లైసెన్సు ఇంటికి వచ్చింది. బండి వచ్చు కదా, పరీక్ష ఎందుకులే అనుకున్నాను. అంతటితో ఆగితే అది నా తప్పుగానే ఉండేది. 1992లో పదవ తరగతి కుర్రవాడొకడు తరగతి ముగిసిన తరువాత అడిగాడు: "సార్, బండి మీకెన్ని దినాలల్ల వచ్చింది? పరీక్షల ఎనిమిది ఏసిన్రా?" నేను నవ్వుతూ "నాలుగు రోజులు చాలురా. ఎనిమిదీ లేదు, తొమ్మిదీ లేదు, లైసెన్సు ఇంటికే వచ్చింది" అన్నాను. పిల్లలంతా నవ్వారు. ఉస్తాదు నాచేత వారం రోజులు వేయించిన ఎనిమిదిని నేనొక హాస్యోక్తి కోసం చెరిపివేశాను.

నెల తిరగకముందే వాడు అన్న ఆర్‌ఎక్స్ 100 తీసుకొని గల్లీ మలుపులో ఇసుక మీద ముందు బ్రేకు పట్టాడు. తొడ ఎముక విరిగింది. రెండుసార్లు ఆపరేషను చేశారు. ఆ ఏడు పరీక్ష వ్రాయలేకపోయాడు. నేను ఆసుపత్రికి పోయినపుడు వాడే నన్ను ఓదార్చాడు: "మీ మాటకేం గాదు సార్, నాకే తొందర." వాడన్నది నిజమో, గురువు మీది గౌరవమో ముప్ఫై ఏళ్ళు దాటినా నేను తేల్చుకోలేదు. వాడి నడకలో నేటికీ కొంచెం ఒరుగు ఉన్నది.

ఈనాటి ఎనిమిది

కాలం మారింది. 1984లో కైనెటిక్ హోండా, 1990లలో స్కూటీ, 2001లో ఆక్టివా వచ్చిన తరువాత గేరు భయం లేక ఆడపిల్లలు బండెక్కారు. బురఖా మీదనే హెల్మెట్టు పెట్టుకొని మదీనా చౌరస్తా దాటే అమ్మాయిలను చూస్తే, వారి అమ్మమ్మలు తెర కట్టిన రిక్షాలలో పోయిన ఊరేనా ఇది అనిపిస్తుంది. 2018లో జై భారతి మొదలైన నలుగురు మహిళలు మన హైదరాబాదు నుండి ఆగ్నేయాసియా దేశాలకు మోటారు సైకిళ్ళపై యాత్ర చేశారు. ఆమె తరువాత మోవో అనే సంస్థ ద్వారా స్త్రీలకు బండి నడపడం నేర్పించే పనికి పూనుకున్నారు. మరొక వైపు 2019 చట్ట సవరణ మైనరు చేతికి బండి ఇచ్చిన పెద్దలకు ఇరవై ఐదు వేల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష విధించింది. చార్మినారు చుట్టూ రాళ్ళు పరచి బండ్లను ఆపివేశారు. బండి నంబరు ముందు ఏపీ పోయి 2014లో టీఎస్, 2024లో టీజీ వచ్చాయి. గల్లీ మలుపు మాత్రం కులీ కుతుబ్ షా నాటి మలుపే.

ఆ కుర్రవాడికి ఇప్పుడు నడివయసు దాటుతున్నది. యాకుత్‌పురా వైపు స్పేరు పార్టుల దుకాణం పెట్టుకున్నాడు. క్రిందటేడు ఫోను చేసి, "సార్, బిడ్డ లైసెన్సు పరీక్ష ఇస్తుంది, మీరు రావాలె" అన్నాడు. పోయాను. అంతకుముందు రెండు నెలలు ప్రతి ఆదివారం ఆ అమ్మాయిచేత రెండు పాత టైర్ల చుట్టూ ఎనిమిది వేయించాడట. అయినా మొదటిసారి రెండవ సున్నా దగ్గర తడబడి కాలు నేలకు ఆనించింది, తప్పింది. మధ్యవర్తి ఒకడు దగ్గరకు వచ్చి చెవిలో ఏదో అన్నాడు. తండ్రి అతని వంక చూడనైనా చూడలేదు. "మళ్ళీ వస్తం" అన్నాడంతే.

మళ్ళీ వచ్చారు, నేనూ పోయాను. ఈసారి ఆ పిల్ల టైరు వంక, గీతల వంక చూడలేదు. తల తిప్పి పోవలసిన చోటునే చూచింది. ఎనిమిది పూర్తయింది. బండి దిగి వచ్చి నా కాళ్ళకు మొక్కబోతే వారించి, మీ నాన్నకు మొక్కమ్మా అన్నాను.

ఉస్తాదు కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయన నాకు చెప్పిన పాఠం నేను చెప్పవలసినవానికి చెప్పలేదు. అయినా అది ఎట్లాగో చేరవలసిన చోటికి చేరింది. మీ ఇంట్లో ఎవరైనా బండి నేర్చుకుంటుంటే, నాలుగు రోజులలో వచ్చేస్తుందని మాత్రం అనకండి. రెండు పాత టైర్లు తెచ్చి పెట్టండి.

స్వస్తి.